మూడు ముళ్ళ కప్పు

కొండవాగు మలుపు తిరిగే చోట, తుమ్మచెట్ల నడుమ, జంతువుల పిల్లలకు ఒక బడి ఉండేది. బడి అంటే గోడలు లేవు. కూర్చోవడానికి ఊడ్చిన నేల, తడవకుండా ఒక కప్పు, అంతే. ఏటా మృగశిర కార్తెకు ముందు ఆ కప్పును కొత్తగా వేసేవారు. వేసినవారికి, ఎప్పుడో జొన్నపంటలో ఏరి దాచిన ఒక పెద్ద కంకిని ఇచ్చేవారు. దాన్ని కప్పుకంకి అనేవారు. అది తినడానికి కాదు. ఏడాది పొడుగునా ఇంటి గుమ్మానికి వేలాడదీసుకోవడానికి.

ఎవరికి గుర్తున్నంత కాలమూ ఆ కంకి గిజిగాడి గూటికే వేలాడింది. ముడి వెయ్యడంలో ఆ పిట్టకు సాటి ఆ అడవిలో లేదు. కర్రలు నిలిపి, ఈతనారతో కట్టి, ముడి మీద ముడి బిగించి కప్పు వేసి, కంకిని ముక్కున కరుచుకుని పోయేవాడు.

పోయిన వానల్లో ఒకనాడు ఆ కప్పు కూలింది. పాఠం చెబుతున్న పంతులమ్మ ఏదుపంది వెనక్కు తిరిగి చూసేసరికి, ముందు వరుసలో కూర్చున్న ఆమె చిన్నది కర్రల కింద ఉంది. దుంగలు తీశాక కూడా అది లేవలేదు.

"గాలి," అన్నాడు గిజిగాడు అందరికంటే ముందు.

"అవును, గాలే," అన్నారు తక్కినవారు. పంతులమ్మ ఏమీ అనలేదు. కంకి గిజిగాడి గూటికే ఉండిపోయింది.

ఏడాది తిరిగి, వానలు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం గిజిగాడి కూతురు పసిడి బడి నుంచి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది.

"నాన్నా, నాన్నా! కప్పు నిలబడాలంటే మూడు ముళ్ళు చాలునట!"

"ఎవరన్నారమ్మా?"

"మా పంతులమ్మ. మాకు చేసి చూపించింది కూడా!"

గిజిగాడి రొమ్ము పొంగింది. భార్యవైపు తిరిగాడు. "విన్నావా పచ్చమ్మా? ఆ ఏదుపంది నోట ముడి మాట వచ్చింది. మూడు ముళ్ళు చాలునట! కప్పుకు ఎన్ని పడతాయో ఆమెకేం తెలుసు పాపం. అయినా ముడి గొప్పతనం ఒప్పుకున్నది, అది చాలు."

పచ్చమ్మ అంత తొందరగా పొంగే మనిషి కాదు. గిజిగాళ్ళ కులంలో గూడు అల్లేది మగపిట్ట. వచ్చి, పొడిచి, లాగి చూసి, బాగుందో లేదో చెప్పేది ఆడపిట్ట. మొగుడు కట్టిన మొదటి రెండు గూళ్ళనూ ముడి వదులని వద్దన్న ఇల్లాలు ఆమె.

"పిల్ల ఇంకా ఏదో చెప్పబోతోంది. పూర్తిగా విను," అన్నది.

"వినడానికేముంది?" అంటూ గిజిగాడు ఎగిరిపోయాడు. దారిలో కనబడిన మేకపిన్నితో చెప్పాడు. కాకితో చెప్పాడు. నీళ్ళు తాగుతున్న కోతితో రెండుసార్లు చెప్పాడు. తెల్లవారేసరికి అడవి అంతా తెలిసింది: పంతులమ్మ బడిలో ముళ్ళ పాఠం చెబుతున్నది, ఆ ముళ్ళు వేసి చూపడానికి గిజిగాడే స్వయంగా వస్తున్నాడు.

అతను వచ్చేసరికి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వేడుక చూడడానికి మేకపిన్ని, కోతి, కాకి కూడా చేరారు. ఊళ్ళో నాగలి లాగి లాగి, చివరికి అడవికి వచ్చి స్థిరపడిన ఎద్దుతాత ఒక పక్కన నెమరు వేస్తున్నాడు. ఆ బడికి పెద్ద ఆయనే.

"పంతులమ్మ గారూ, ఆ మూడు ముళ్ళు ఏవో మీరు శ్రమపడకండి. నేనే వేసి చూపిస్తాను. ఏదీ, నార ఎక్కడ?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉడుత నేల మీదికి చూపించింది.

"నారెందుకు బాబాయ్? ఇవిగో, మూడు ముళ్ళు."

నేల మీద మూడు ఏదుముళ్ళు ఉన్నాయి. ఒక్కొక్కటీ పక్కదాని మీద తల వాల్చి, మూడూ కలిసి నేలకు ఎత్తుగా చిన్న గొడుగులా నిలబడి ఉన్నాయి.

"ముడి ఏది?" అన్నాడు గిజిగాడు.

"ముళ్ళకు ముళ్ళు లేవు బాబాయ్!" అన్నది ఉడుత.

మేకపిన్ని నవ్వడం మొదలుపెట్టింది, ఆమె నవ్వుకు కోతి తోడైంది, కోతికి కాకి. "ముడి అనుకున్నావా నాయనా! ఊరంతా చాటావు కదయ్యా!" అంటూ మేకపిన్ని గడ్డం తుడుచుకున్నది.

పంతులమ్మ మాత్రం నవ్వలేదు. "తప్పు మాటలో ఉంది గిజిగన్నా, మీలో కాదు. ఒకటికి మించితే ముల్లుకైనా ముడికైనా పలికే మాట ముళ్ళే. కూర్చోండి, పాఠం సగంలో ఉంది." పిల్లలవైపు తిరిగింది. "మొదటి ముల్లు దేని మీద వాలింది?"

"రెండోదాని మీద!"

"రెండోది?"

"మూడోదాని మీద!"

"మూడోది?"

"మొదటిదాని మీద!"

"నడుమ ఏమి మిగిలింది?"

"బొక్క!" అన్నాడు కుందేలు పిల్లవాడు.

"బొక్కకు మూలలెన్ని?"

వాడు ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. "మూడు. త్రిభుజం!"

"నాలుగు ముళ్ళు వాలిస్తే?"

"చతురస్రం!"

"సమానంగా వాలిస్తేనే చతురస్రం. ఒకటి ఎక్కువ జరిపితే వంకర తిరుగుతుంది. చేసి చూడు. ముళ్ళు పెంచుకుంటూ పోతే?"

పసిడి తల ఒక పక్కకు వాల్చి ఆలోచించింది. "మూలలు పెరిగి పెరిగి... గుండ్రమైపోతుందా పంతులమ్మా?"

"గుండ్రానికి దగ్గరవుతుంది. అవ్వదు, దగ్గరవుతుంది."

కూతురి కళ్ళలోని మెరుపు గిజిగాడు చూశాడు. తాను ఎంత గొప్ప ముడి వేసి చూపినా ఆ కళ్ళు అట్లా మెరవలేదు.

"ఆటకు బాగానే ఉంది," అన్నాడు. "బరువు పడితే?"

"మీరే ఎక్కి చూడండి."

ఎక్కాడు. ఎగిరి దూకాడు. రెక్కలు ముడిచి బరువంతా వేశాడు. ముళ్ళు ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"ఇందులో పెద్ద ముల్లు ఏది? అసలు మోసేది ఏది?"

"ఏదీ పెద్దది కాదు గిజిగన్నా. ప్రతిదీ ఒకదాన్ని మోస్తుంది, ఒకదాని మీద వాలుతుంది. ఏది జారినా అన్నీ జారతాయి."

"పెద్ద లేని కట్టడం ఏమి కట్టడం! ముడి లేని ఇల్లు, మూడు ముళ్ళు లేని పెళ్ళి, రెండూ నిలవవమ్మా."

"మా మేకలకు మూడు ముళ్ళు ఎవరు వేశారు నాయనా?" అన్నది మేకపిన్ని. "మేము కాపురాలు చెయ్యడం లేదూ?"

మళ్ళీ నవ్వులు. గిజిగాడు దిగి వచ్చాడు. దిగేటప్పుడు చూశాడు: ఆ ముళ్ళు మరీ చిన్నవి, మరీ సన్ననివి. పంతులమ్మ వంటి మీదివి కావు. అవి ఎవరివో అందరికీ తెలుసు కనుక ఎవరూ అడగలేదు. గిజిగాడికీ తెలుసు. ముళ్ళ మీద ఎగిరినప్పుడు గుచ్చుకోనిది, నేల మీదికి వచ్చాక గుచ్చుకున్నది.

ఎద్దుతాత నెమరు ఆపాడు. "పంతులమ్మా, ఈ పని పెద్ద కర్రలతో సాగుతుందా?"

"సాగుతుంది తాతా. పిల్లలే చేస్తారు."

"అయితే ఈ ఏటి కప్పు పిల్లలదే. పున్నమినాడు మిట్టమధ్యాహ్నం దాని మీద గడ్డిమోపులు వేద్దాం. నిలిస్తే కప్పుకంకి ఇక బడికి వస్తుంది. కూలితే గిజిగాడు ఎప్పటిలాగే కడతాడు. సరేనా?"

"సరే," అన్నాడు గిజిగాడు. సరే అనక తప్పలేదు.

పిల్లలు నేలరాలిన మద్దికర్రలు లాక్కొచ్చారు. కొలిచి, పొడుగులు సమం చేశారు. నేల మీద తాడు తిప్పి వృత్తం గీసి, కర్రల కాళ్ళకు సమదూరాన గుంటలు తీశారు. మొదటి కర్రకు నడుమ ఒక ఊతకర్ర నిలిపి, దాని మీద ఒకటి, దాని మీద ఒకటి వాల్చుకుంటూ చుట్టి వచ్చారు. చివరి కర్ర తల మొదటి కర్ర కిందికి దూరింది. పంతులమ్మ "ఇక తియ్యండి" అనగానే కుందేలు పిల్లవాడు కళ్ళు మూసుకుని ఊతకర్రను లాగేశాడు. కప్పు ఒక్క జానెడు దిగి, 'హుఁ' అని నిట్టూర్చి, నిలిచిపోయింది. పిల్లల కేకలకు వాగు అవతలి కొక్కిరాయిలు లేచిపోయాయి.

ఆ కేకలు గిజిగాడి గూటి దాకా వినిపించాయి. గుమ్మాన కంకి గాలికి ఊగుతోంది.

"రాలిన కర్రలు ఏరి ఒకదాని మీద ఒకటి పడేస్తే అదొక విద్యట!" అన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నది పచ్చమ్మ. "నిలిస్తే నిలుస్తుంది, పడితే పడుతుంది. నీ గూడు నీకుంది."

"నా కంకి?"

"చేలో కంకులకేం కరువు?"

"గింజల సంగతి కాదే!"

"మరి దేని సంగతి?"

అతను ఊగుతున్న కంకివైపు తిరిగాడు. ముడి లేకుండా కప్పు నిలవదని అడవి నమ్మినంత కాలమూ పోయిన ఏడు కూలినది గాలికే. ముడి లేని కప్పు వానంతా నిలిచిందనుకో, అప్పుడు ఎవరో ఒకరు వెనక్కు తిరిగి అడుగుతారు: ముళ్ళున్న కప్పు ఎందుకు కూలింది? కంకి పోతే పోయేది ఒక కంకి కాదు. పంతులమ్మ ఆ మాట అనలేదు, ఎన్నడూ అనదు. కాని నిలబడిన ప్రతి కర్రా అతనితో ఆ మాటే అంటున్నట్టుంది. ఓర్వలేనితనానికి అంతకంటే పెద్ద మేత ఏం కావాలి?

మరునాడు మధ్యాహ్నం, బడి అంతా వాగుకు నీళ్ళకు పోయిన వేళ, గిజిగాడు పచ్చి ఈతాకును సన్నగా చీల్చి, నీటిలో ముంచి, కప్పు కిందికి దూరాడు. పైన ఆకు పరిచి ఉంది. ఆకుకూ కర్రలకూ నడుమ వేసిన ముడి ఎవరికీ కనబడదు. పక్కపక్క కర్రల కొసలను కలిపి ఒక ముడి వేశాడు. పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. మూడు ముళ్ళు.

ఆలోచన చక్కగా ఉంది. పున్నమినాడు కప్పు నిలుస్తుంది. అందరూ చప్పట్లు కొట్టబోయే సమయానికి తాను ఆకు తొలగించి, "చూడండయ్యా, ఎవరి ముళ్ళ మీద నిలిచిందో!" అంటాడు. అంతే. పంతులమ్మ పాఠం ముళ్ళపాలు.

ముడి వెయ్యడంలో అతనికి తెలియనిది లేదు. తడినార ఎండినకొద్దీ కురచబడి బిగుస్తుందని తెలుసు. గూటికి ఆ బిగువే ప్రాణం. తెలియనిది ఒక్కటే. గూడు వేలాడుతుంది, ఈ కప్పు వాలుతుంది. వేలాడేదానికి బిగువు బలం. వాలేదానికి అదే గండం.

పున్నమి వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. తుమ్మచెట్ల మీద ఒక్క ఆకు కదలడం లేదు. పిల్లలంతా తాము కట్టిన కప్పు కింద గర్వంగా కూర్చున్నారు. పసిడి ముందు వరుసలో ఉంది. పచ్చమ్మ చూడవచ్చింది. ఎద్దుతాత మోపులు మోసుకొచ్చాడు. కోతి పైకెక్కి అందుకుని పేర్చింది. ఒక మోపు. కప్పు కదలలేదు. మరొకటి. కదలలేదు.

గిజిగాడు గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు లోపల ఎక్కడో 'కిర్రు'మన్నది. చాలా చిన్న చప్పుడు. పంతులమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి.

"పిల్లలూ, లేవండి. అందరూ బయటికి. తోసుకోవద్దు."

"ఇంకో మోపు ఉంది పంతులమ్మా!"

"బయటికి రమ్మన్నాను."

ఆమె గొంతు ఎప్పుడూ అట్లా పలకలేదు. పిల్లలు వచ్చేశారు. పసిడి చివరగా ఎగిరి వచ్చింది. కోతి ఒక కొమ్మ అందుకున్నది. నారలు లాగగా లాగగా, ఒక కర్ర తాను వాలిన కర్ర మీద పక్కకు జరిగి జరిగి, దాని కొస దాటి జారిపోయింది. ఏది జారినా అన్నీ జారతాయని చెప్పిన పాఠం అక్కడికక్కడే రుజువైంది. మోపులూ కర్రలూ ఆకూ అన్నీ ఒక్కసారిగా నేలకు వచ్చాయి. దుమ్ము లేచింది. పసిడి కూర్చున్న చోట ఒక దుంగ అడ్డంగా పడి ఉంది.

పచ్చమ్మ కూతురిని రెక్క కిందికి లాక్కున్నది.

గిజిగాడి గుండె కూడా ఒకసారి ఆగింది. కాని అసూయకు ఉన్న దౌర్భాగ్యం ఏమిటంటే, గుండె తేరుకోక ముందే నోరు తేరుకుంటుంది.

"చూశారా! నేను చెప్పలేదూ? ముడి లేని కప్పు ఇంతే!"

"ముడి లేకపోవడమేమిటి?" అన్నది మేకపిన్ని, కర్రల మధ్య తల దూర్చి. "ఇదిగో నాయనా, నార. ఇదిగో ఇంకోటి. పంతులమ్మా, పిల్లలు ముళ్ళు వేశారా?"

"లేదు."

"మరి ఎవరు వేశారు?"

అందరూ అందరినీ చూశారు. గిజిగాడు ఆకాశం చూశాడు.

పచ్చమ్మ కూతురిని వదిలి, వచ్చి కర్ర మీద వాలింది. ముడిని ఒకసారి పొడిచింది. ఒకసారి లాగింది. పెళ్ళినాటి నుంచి లాగి చూస్తున్న ముడి అది. ఆమెకు తెలియకపోవడం ఎట్లా? తల ఎత్తి, తాపీగా అన్నది:

"ఏముంది, కోతి పని. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఊరికే అనలేదు. చేతకాని ముడి. మెలిక చూడండి, ఎంత వికారంగా ఉందో."

"నేనా? నాకు ముడి విప్పడమే రాదు!" అని కోతి కొమ్మ మీద నుంచి మొరపెట్టుకున్నది.

"నువ్వే. కాకపోతే కాకి. గూడు కట్టడం రాక పుల్లలు పడేసుకునే జాతి. ఇంత వదులు ముడి ఇంకెవరు వేస్తారు?"

"వదులా?" అన్నాడు గిజిగాడు.

"వదులే. నేనైతే ఈ గూట్లో గుడ్డు పెట్టను."

"కళ్ళున్నాయా నీకు? ఎడమ మెలిక మీద కుడి మెలిక తిప్పి, కొస లోపలికి దోపిన ముడి అది! కోతి వేస్తుందా? కాకి వేస్తుందా? ఈ అడవిలో ఆ ముడి వెయ్యగలిగినవాడు నేనొక్కడినే!"

అన్న తరువాత ఆగాడు. అప్పటికి అందరూ విన్నారు.

"అదే నేనూ అనుకున్నాను," అన్నది పచ్చమ్మ. "నీ కూతురు దాని కింద కూర్చున్నదయ్యా."

గిజిగాడు రెక్కలు సర్దుకున్నాడు. సర్దిన రెక్కలనే మళ్ళీ సర్దుకున్నాడు. "ముడి వేశాను. వేస్తే? మేలుకే వేశాను. ముడికి కూలలేదు. గాలికి... గాలికి కూలింది."

పంతులమ్మ అంతవరకూ కర్రల ముందు నిలబడి ఉంది. పసిడి కూర్చున్న చోటు, పోయిన ఏడు తన చిన్నది కూర్చున్న చోటు ఒకటే. ఆమె వెనక్కు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండుననిపించింది గిజిగాడికి.

"ఈ రోజు గాలి లేదు, గిజిగన్నా," అన్నది.

అంతే అన్నది. ఎద్దుతాత తల దించుకున్నాడు. 'అవును, గాలే' అని పోయిన ఏడు అన్నవారందరూ, మేకపిన్నితో సహా, నేల చూశారు. తుమ్మచెట్ల మీద ఒక్క ఆకు కదలలేదు.

ఉడుత ముందుకు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మూడు ముళ్ళనూ కొరికి పడేసింది. కుందేలు పిల్లవాడు ఊతకర్ర వెతికి తెచ్చాడు. వృత్తం చెరిగిన చోట పసిడి మళ్ళీ గీసింది. ఒక కర్ర, దాని మీద ఒక కర్ర. పొద్దు వాలేలోగా కప్పు మళ్ళీ లేచింది. ఊత తీశారు. ఎద్దుతాత ఒక్క మోపు కాదు, ఉన్న మోపులన్నీ వేశాడు. కప్పు ఒక్కసారి నిట్టూర్చి, నిలిచింది.

"కంకి తెండి," అన్నాడు ఎద్దుతాత.

పచ్చమ్మే పోయి గూటి గుమ్మాన ఉన్న కంకిని తెంపుకొచ్చింది. పిల్లలు దాన్ని కప్పుకు వేలాడదీయలేదు. కప్పుకు ముడి పెట్టకూడదన్నారు. ముందు వరుసలో, ఆ చోటున, నేల మీద పెట్టారు. పంతులమ్మ ఆ మూడు చిన్న ముళ్ళనూ తెచ్చి, ఒకదాని మీద ఒకటి వాల్చి, కంకి మీద గొడుగులా నిలిపింది.

మృగశిర తొలివాన ఆ వారంలోనే దిగింది, పెద్దగాలితో సహా. పిల్లలు లోపల పొడి నేల మీద కూర్చుని పాఠం వల్లిస్తున్నారు. గిజిగాడు ఎదుటి తుమ్మకొమ్మ మీద తడుస్తూ, కప్పు ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్నాడు. అది కూలలేదు.

"తడుస్తున్నారు గిజిగన్నా, లోపలికి రండి. చోటుంది," అని పంతులమ్మ పిలిచింది.

వెళ్ళాలని ఉంది. కాని ఆ కప్పు కిందికి పోవాలంటే తల వంచాలి. అతను కొమ్మనే గట్టిగా పట్టుకుని తడిశాడు.

నీతి: ఓర్వలేనివాడు వేసిన ముడి ఎదుటివారి ఇంటిని నిలపదు; కూల్చినా, చివరికి వేసినవాడి మెడకే బిగుస్తుంది.